సుందర్ రావు గుంటలో ఏం పెంచాలి

కాజీపేట,
జూలై 4.

ప్రియమైన అక్క దీనమ్మకు,

తమ్ముడు సుందర్ రావు ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ నేను, ప్రసన్న, అల్లుడు భానుచందర్ క్షేమం. తొర్రూరులో నువ్వూ నీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను.

ఇకమీదట నీకు ఫోన్ చేయను. నీకు ఎడమ చెవి వినపడదు, ఫోన్ మాత్రం ఆ చెవికే పెడతావు. నేను కాస్త గట్టిగా అంటే "నామీద ఒర్లుతానవేందిరా" అని పెట్టేస్తావు. పోయిన నెలలో ఇట్లా నాలుగుసార్లు కొట్లాడుకున్నాం. "నాయినా, మీ ఇద్దరికి ఉత్తరాలే మంచిగ. కాయితం ఒర్లది" అని నా కూతురు ప్రసన్న తీర్పు చెప్పింది.

సంగతేమిటంటే, ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ మట్టి కోసం పెరట్లో తవ్విన గుంట ఉంది కదా, అది రెండు వానలకు నిండింది. ఇరవై అడుగుల పొడవు, పదిహేను వెడల్పు, నడుము లోతు నీళ్లు. సాయంత్రం దాని ఒడ్డున కూర్చుంటే ప్రాణం హాయిగా ఉంటోంది. ముప్పై ఏడేళ్లు గూడ్సు బండి గార్డుగా చివరి డబ్బాలో కూర్చుని, దారిలో చెరువులన్నీ వెనక్కి పోతుంటే చూసినవాణ్ణి. నన్ను వదిలి పోకుండా ఒకచోట నిలబడ్డ నీళ్లు చూడడం ఇదే మొదలు.

కానీ దోమలు. పక్కింటి మొగిలమ్మ గోడ మీదుగా తల పెట్టి "గుంట పూడ్పిస్తవా, నన్ను ఇల్లు మారమంటవా" అంటోంది. ప్రసన్న కూడా ఆమె వైపే. దసరా లోపల బాగుచేయకపోతే రెండు ట్రాక్టర్ల మొరం పోయిస్తానని గడువు పెట్టింది. దాంట్లో ప్రాణమున్నవి ఏవైనా పెంచితే దోమలు పోతాయి, గుంట నిలుస్తుంది అని నా ఆలోచన. నువ్వు నలుగురినీ ఎరిగినదానివి. ముందుగా ఒక నాలుగు చేపలు పంపించు. మరీ పెద్దవి వద్దు.

నీ తమ్ముడు,
సుందరం

తా.క. కదిలే బండిలో రాసి రాసి నా చేయి అట్లాగే అలవాటు పడింది. కొమ్ములు, గుడులు ఎగిరిపోయి ఉంటే నువ్వే పట్టుకొచ్చి తగిలించుకో.


తొర్రూరు,
జూలై 9.

చిరంజీవి సుందరానికి,

అక్క దీవెనలు. ఉత్తరం చేరింది. నువ్వు అడిగినట్టే సంతకు పోయి మంచి తుంగ చాపలు నాలుగు తీసుకున్నాను. పెద్దవి వద్దన్నావని ఒక్కో మనిషి కూర్చునేంతవే ఏరాను. హన్మకొండ బస్సు కండక్టర్ కట్టయ్య చేతికి ఇచ్చాను, బస్టాండుకు పోయి తెచ్చుకో.

అయితే చాపలను పెంచడమేమిటో నాకు బోధపడలేదు. పరిస్తే చాలు కదా. "ప్రాణమున్నవి" అని కూడా రాశావు. తుంగ చాపకు ప్రాణముండదు నాయనా. రిటైరైన దగ్గర నుంచి నువ్వు ఒక్కడివే కూర్చుని ఏదో ఆలోచిస్తున్నావని ప్రసన్న చెప్పింది. ఎందుకైనా మంచిది, ఒకసారి దవాఖానకు పోయి బీపీ చూపించుకో.

ఆశీస్సులతో,
దీనమ్మ

తా.క. చాపల్ని మాత్రం గుంటలో వేయకు. కుళ్లిపోతాయి.


కాజీపేట,
జూలై 13.

అక్కకు వందనాలు.

నేను రాసింది చేపలు. నీళ్లలో ఈదేవి, కూర వండుకునేవి. చాపల కట్ట అందిస్తూ కట్టయ్య "సార్, అందరు కలిసి తోటకు పోతాన్రా" అని అడిగాడు. అవునన్నాను.

పోనీలే, చాపలు ఒడ్డున పరిచాను. మొగిలమ్మ ఎప్పటిలాగే తిట్టడానికి వచ్చింది. నిలబడి తిట్టడం కష్టమైనట్టుంది, ఒక చాప మీద కూర్చుంది. అది ఆమెకు బాగా నచ్చింది. ఇప్పుడు రోజూ వచ్చి కూర్చుని తిడుతోంది. నిన్న టీ కూడా తాగి వెళ్లింది.

చేపల కోసం నేనే హన్మకొండ పోయి, దోమ పిల్లల్ని తినే చిన్న చేపలు ఒక కవరు నిండా తెచ్చి వదిలాను. అవి పని చేస్తున్నాయో లేదో పైకి కనబడదు. నీళ్ల మీద తేలుతూ కంటికి కనబడేది ఒకటి ఉంటే బాగుండు. బాతులా, తాబేలా? నువ్వే ఎవరినైనా అడిగి తేల్చు.

ఇట్లు,
బీపీ బాగానే ఉన్న
సుందరం


తొర్రూరు,
జూలై 20.

సుందరానికి దీవెనలు.

చేపల విషయంలో పొరపాటు నాదే. కళ్లద్దాలు మార్పించాను.

మా వీధి చివర జాన్సన్ గారని ఉన్నారు. పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యారు. భార్య పోయి పదేళ్లు. నీ ఉత్తరం పట్టుకుని వాళ్లింటికి పోయాను. తాబేలు అనగానే రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "చెరువుల దొరికిన తాబేలును ఇంట్ల పెట్టుకుంటె ఫారెస్టోళ్లు కేసు రాస్తరు సిస్టర్. దాని బతుకు దాన్ని బతకనియ్యున్రి" అన్నారు. కప్పల్ని మనం తేనక్కర్లేదట, ఒడ్డున గడ్డి కోయకుండా వదిలితే వానలకు వాటంతటవే వస్తాయట. బాతులు మంచివేనన్నారు. నీ గుంట ఎంత లోతు, ఎండ ఎటునుంచి పడుతుంది, గట్టు ఏటవాలుగా ఉందా అని అడిగి కాగితం మీద బొమ్మ గీశారు. నాకు తెలియనివాటికి ఏదో ఒకటి చెప్పాను.

మూడు గంటలు మాట్లాడారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. కుర్చీ తెచ్చి నా కుడి చెవి వైపు వేసుకుని కూర్చున్నారు. నేనేమీ చెప్పలేదు, ఆయనే గమనించారు.

నాలుగు బాతులు గంపలో పెట్టి కట్టయ్యకు ఇస్తున్నాను.

మీ అందరి క్షేమం కోరే
దీనమ్మ

తా.క. నువ్వు రాసినది బాతులేనని నేను చదివాను. అయినా జాన్సన్ గారితో కూడా చదివించి ఖాయం చేసుకున్నాను. బాతుల మేత సంగతి అడగడం మరిచాను, రేపు మళ్లీ పోతాను.


కాజీపేట,
ఆగస్టు 3.

అక్కకు వందనాలు.

బాతులు అందాయి. బస్టాండులో "సప్పుడు చేస్తలేవు, బతికున్నయా సార్" అని కట్టయ్య గంప మూత తీశాడు. తర్వాత అరగంట సేపు అతనూ నేనూ బస్సుల కిందే ఉన్నాం.

ఇంటికి తెచ్చి వదిలితే, రెండు రోజుల్లో నా చేపలన్నిటినీ తినేశాయి. తర్వాత దోమ పిల్లల్ని తిన్నాయి. దోమలు తగ్గాయి, అది ఒప్పుకోవాలి. ఆ తర్వాత గేటు కింది నుంచి దూరి మొగిలమ్మ ఇంటికి పోవడం మొదలుపెట్టాయి. టీవీ ముందు వరుసగా కూర్చుంటున్నాయట. "సీరియల్ల ఎవరన్న ఏడిస్తె ఇవి గూడ ఒర్లుతానయి, ఒక్క మాట ఇననిస్తలేవు" అని ఆమె బాధ. అయినా తలుపు మాత్రం వేసుకోదు.

ఇప్పుడు కొత్త చిక్కు. బాతులకు పోసే తవుడు కోసం ఎలుకలు వస్తున్నాయి. అందుకని ఇంటికి ఒక పిల్లి అయితే బాగుంటుందని ఆలోచిస్తున్నాను. ఈ వయసులో నాకు పిల్లి అవసరమా అని మొదట వెనకాడాను. ప్రసన్నే "మంచిదే నాయినా, నీకు తోడుంటది" అంది. వేరే ఎక్కడా వెతకక్కర్లేదు, మొగిలమ్మ ఇంట్లోనే ఉంది. నలుపే గానీ కళ్లు చాలా బాగుంటాయి. వయసు కాస్త మీద పడింది. రోజూ సాయంత్రం గోడ దిగి వచ్చి నా చాప మీదే కూర్చుంటోంది. పాలు ఇస్తే గానీ కదలదు. మొగిలమ్మను అడిగితే "తీస్కపో, నాకు పీడ పోతది" అంది.

నువ్వు పెద్దదానివి. సరేనంటే పిల్లి ఖాయం చేసుకుంటాను.

నీ జవాబు కోసం చూసే
సుందరం


తొర్రూరు,
ఆగస్టు 9.

సుందరానికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెళ్లి ఖాయం చేసుకుంటానని రాశావు.

సుగుణ పోయి ఎనిమిదేళ్లయింది. నీకు తోడు కావాలనిపించడంలో తప్పు లేదు. ప్రసన్న ఒప్పుకుందంటే ఆ పిల్ల మనసు మంచిది. కానీ అక్కను కాబట్టి అడగాల్సినవి అడుగుతాను. ఆమె మొగిలమ్మకు ఏమవుతుంది? "పీడ పోతది" అన్నదంటే ఆ ఇంట్లో ఆమెకు ఏపాటి విలువ ఉందో తెలుస్తోంది. వయసు మీద పడిందని రాశావు. అట్లాంటి మనిషి గోడ దిగి రావడమేమిటి, గేటు లేదా? నేను ఎముకల వార్డులో నర్సుగా పన్నెండేళ్లు చేశాను, ఆ వయసులో తుంటి విరిగితే ఏమవుతుందో నాకు తెలుసు. పాలు తప్ప ఏమీ తీసుకోదా? షుగర్ చూపించండి. నలుపు అన్నావు. నువ్వేం తెలుపని ఆ మాట రాశావు?

అసలు సంగతి అడుగుతాను. ఈ వయసులో పెళ్లంటే నీ మనసులో ఏముంది? దాపరికం లేకుండా రాయి.

అక్క,
దీనమ్మ

తా.క. జాన్సన్ గారితో చెప్పాను. ముందు బాగా నవ్వారు. తర్వాత ఎందుకో నీ గుంట బొమ్మను మళ్లీ మొదటి నుంచి గీయడం మొదలుపెట్టారు.


కాజీపేట,
ఆగస్టు 13.

అక్కా,

పిల్లి. నాలుగు కాళ్లది. ఎలుకల్ని పట్టేది. పాలు తాగి మూతి నాక్కునేది. కళ్లద్దాలు మార్పించానన్నావు, ఆ దుకాణం వాడు నిన్ను మోసం చేశాడు.

అరవై ఒకటో ఏట నాకు పెళ్లేమిటి? నలుగురు నవ్వరా? మన చర్చిలో నాలాంటివాడు పూలదండ వేసుకుని నిలబడితే, పాటలు పాడేవాళ్లు పాట ఆపి నవ్వుతారు. అట్లాంటి పని మన ఇంట్లో ఇంతవరకు ఎవరూ చేయలేదు, ఇకమీద చేయబోరు కూడా. నువ్వు ఆ మాట ఎట్లా నమ్మావో నాకు అర్థం కాలేదు.

సుందరం

తా.క. నీకు అనుమానం లేకుండా కింద బొమ్మ వేస్తున్నాను. ఇదే అది.


తొర్రూరు,
ఆగస్టు 18.

సుందరానికి దీవెనలు.

బొమ్మ చూశాను. ఆమె ముఖం అంత గుండ్రంగా ఉండదనుకుంటాను. చెవులు మరీ పెద్దగా వేశావు. ఆడమనిషికి ఆ మీసాలు ఎందుకు పెట్టావో నీకే తెలియాలి. ఫొటో ఉంటే పంపు.

నలుగురు నవ్వుతారని రాశావు. ఎవరు ఆ నలుగురు? పేర్లు రాసి పంపు.

నాన్న పోయినప్పుడు నీకు పద్నాలుగు, నాకు పంతొమ్మిది. నర్సు ట్రైనింగులో ఉన్నాను. నాకు సంబంధాలు వచ్చాయి. తమ్ముడి చదువు కానివ్వండి అని నేనే అన్నాను, అందులో నిన్ను అనేదేమీ లేదు. నీ చదువైంది, ఉద్యోగమైంది, పెళ్లయింది. అప్పటికి నాకు ముప్పై నాలుగు. నీ పెళ్లి పందిట్లో చిన్నమ్మ నా పక్కన కూర్చుని "ఇంక నీకేం పెండ్లి బిడ్డా, నలుగురు నవ్వుతరు" అంది. ఆ నలుగురినీ నేను ఆ రోజు నుంచి వెతుకుతున్నాను. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రాలేదు. మోకాళ్లు పట్టేసి మెట్ల మీద కూర్చుండిపోయినప్పుడు రాలేదు. నువ్వు ఎరిగినవాళ్లయితే వాళ్ల అడ్రసు కూడా రాయి.

కాబట్టి మొగిలమ్మ ఇంట్లోంచి గోడ దిగి వచ్చే ఆమెనే పెళ్లి చేసుకో, నీ ఇష్టం. ఎవరికీ భయపడకు.

దీనమ్మ

తా.క. ఇంట్లో జిగురు అయిపోయింది, కవరు అతికించకుండానే కట్టయ్యకు ఇస్తున్నాను. మంచివాడు, చదవడు.


కాజీపేట,
ఆగస్టు 29.

ప్రియమైన అక్కకు,

కట్టయ్య చదివాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురు వచ్చి నాతో చేతులు కలిపారు. నాతో పాటు రిటైరైన లోకో డ్రైవర్ రాంప్రసాద్ మా చర్చి మనిషి కూడా కాదు, అయినా పని కట్టుకుని వచ్చి "పెండ్లికూతురు ఈ వయసుల గూడ గోడ దుంకుతదట గద, గట్టి మనిషే" అన్నాడు. అందరికీ పిల్లి పిల్లి అని చెప్పాను. సిగ్గుపడుతున్నానని అనుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి మొగిలమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. "మా ఇంట్ల ఆడిదంటే నేనొక్కదాన్నే. ఎవలను గురించి రాసినవు" అని అడిగింది. వెనకాలే ఆమె భర్త కొమురెల్లి. అతను ఈ గుంట విషయంలో నాతో ఎన్నడూ మాట్లాడింది లేదు. మంచి చొక్కా వేసుకుని మాట్లాడడానికే వచ్చాడు. నేను లోపలికి పోయి పిల్లిని ఎత్తుకొచ్చి అతని చేతుల్లో పెట్టాను. ప్రసన్న జరిగిందంతా చెప్పి, నేను వేసిన బొమ్మ ఎట్లా ఉంటుందో మళ్లీ వేసి చూపించింది. కొమురెల్లి బొమ్మను చూశాడు, పిల్లిని చూశాడు, "మీ అక్క తప్పేం లేదు, చెవులు పెద్దగనే ఏసినవు" అన్నాడు. ఇప్పుడు సాయంత్రం మొగిలమ్మతో పాటు అతనూ వస్తున్నాడు. మూడో చాప నిండింది.

ఇక నీ ప్రశ్న. నలుగురి పేర్లు రాసి పంపుదామని కాగితం తీసుకుని కూర్చున్నాను. మొదట నా పేరే వచ్చింది. రెండో పేరు కోసం టీ చల్లారేదాకా ఆలోచించాను. దొరకలేదు. ఆదివారం చేతులు కలిపినవాళ్లలో ఒక్కడు కూడా నవ్వలేదు అక్కా. రాంప్రసాద్ "మంచి పని చేస్తానవు అన్నా" అని నా భుజం చాలాసేపు వదల్లేదు.

ఇంకోటి కూడా రాయాలి. పందిట్లో చిన్నమ్మ నీతో ఆ మాట అన్నప్పుడు నేను వెనకే ఉన్నాను. విన్నాను. కొత్త సూటు వేసుకున్న పెళ్లికొడుకుని, నాకెందుకని ఊరుకున్నాను. నువ్వు కూడా నవ్వి ఊరుకున్నావు కాబట్టి నీకు బాధ లేదనుకున్నాను. ఇన్నేళ్లూ అట్లా అనుకోవడం నాకు సులువుగా ఉండింది.

నాకు పెళ్లి వద్దు. పిల్లి చాలు, ఎలుకలు పోయాయి. కానీ నా వయసువాళ్లు ఎవరైనా చేసుకుంటే ముందు వరుసలో కూర్చుంటాను. నవ్వేవాళ్లుంటే వాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

నీ తమ్ముడు,
సుందరం

తా.క. మొన్నటి పెద్ద వానకు కప్పలు వచ్చాయి. ఎవరూ పిలవలేదు. భానుచందర్ చెవుల్లో దూది పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. నిన్న పొద్దున నీలం రెక్కల లకుముకి పిట్ట జామకొమ్మ మీద కూర్చుని గుంటలోకి చూస్తుంటే, ప్రసన్న పళ్లు తోముకోవడం ఆపి అట్లాగే నిలబడిపోయింది. మొరం ట్రాక్టర్ల మాట మళ్లీ ఎత్తలేదు.


తొర్రూరు,
సెప్టెంబరు 5.

నా తమ్ముడు సుందరానికి,

అక్క దీవించి రాసేది. మొదట ఒక తప్పు ఒప్పుకోవాలి. చేపల్ని చాపలనుకోవడం నిజంగానే నా కళ్లద్దాల పని. పిల్లిని మాత్రం మొదటిసారే పిల్లి అని చదివాను. ముప్పై ఆరేళ్లు డాక్టర్లు రాసిన చీటీలు చదివి మందులిచ్చినదాన్ని, నీ రాత నాకు కష్టమా?

నీ పిల్లి ఉత్తరం వచ్చేనాటికి జాన్సన్ గారు నన్ను అడిగి తొమ్మిది రోజులైంది. ఆయన అడిగింది కూడా వింతగానే అడిగారు. "సిస్టర్, మీ తమ్ముని గుంట బాగయితె మీరు ఇంక మా ఇంటి దిక్కు రారేమోనని ఫికరయితాంది" అన్నారు. పెళ్లి అన్న మాట ఎత్తలేదు. నాకు అర్థమైంది. ఆలోచించుకుంటానని వచ్చేశాను. ఆలోచించడానికి ఏమీ లేదు, నీకెట్లా చెప్పాలన్నదే దిగులు. అప్పుడు నీ పిల్లి వచ్చింది. నా మాటగా కాకుండా నీ మాటగా అడిగి చూద్దామనుకున్నాను.

"మన ఇంట్లో ఎవరూ చేయబోరు" అని నువ్వు రాసింది చదివిన రోజు, ఆయనకు వద్దని చెప్పడానికి చెప్పులేసుకుని బయలుదేరాను. సగం దూరం పోయాను. వీధి కుళాయి దగ్గర ఆగి, నీ మీద కోపం పట్టలేక వెనక్కి వచ్చి ఆ నలుగురి పేర్లు అడిగాను. కట్టయ్య చదవడం నేననుకున్నది కాదు, మొగిలమ్మకు నా తరఫున క్షమాపణ చెప్పు. నేను కూడా వచ్చి చెబుతాను.

నీ ఉత్తరం మొన్న చేరింది. నిన్న పొద్దున జాన్సన్ గారికి సరేనన్నాను. ఆయన లేచి లోపలికి పోయారు. ఎంతకీ రాలేదు. చూస్తే వంటింట్లో నిలబడి, నాకు టీ పెట్టాలన్నది గుర్తుంది గానీ పొయ్యి వెలిగించడం మరిచిపోయి ఉన్నారు.

ఈ నెల ఇరవై ఆరున ఇక్కడి చర్చిలోనే, పొద్దున పది గంటలకు. ముందు వరుసలో కూర్చుంటానని రాశావు. అది కుదరదు. నాన్న లేడు కాబట్టి నన్ను చేయి పట్టుకుని నడిపించేది నువ్వే. నా మోకాళ్లకు తగ్గట్టు నెమ్మదిగా నడవాలి. ఇప్పటి నుంచే పెరట్లో అలవాటు చేసుకో. కొత్త సూటు కుట్టించుకో.

మీ అందరి కోసం ఎదురుచూసే
దీనమ్మ

తా.క. నిన్న సాయంత్రం ఫొటోల అబ్బాయి మాట్లాడుకోవడానికి వచ్చాడు. "అమ్మమ్మా, పెండ్లికూతురిని జర పిలువున్రి, మొఖం మీద లైటు ఎట్ల పడ్తదో చూస్త" అన్నాడు. "పెళ్లికూతుర్ని నేనే" అన్నాను. అతను కెమెరా పక్కన పెట్టి, ముందు నాకు కుర్చీ వేశాడు.